వెన్నుపాము దెబ్బతిన్నాక

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడి ప్రాణం మోకు మీద ఆధారపడి ఉంటుంది. చెట్టు మొదలు చుట్టూ తిప్పి ఒంటికి తగిలించుకున్న ఆ తాడు తెగినా, వానకు నానిన మొదలు మీద కాలు జారినా నలభై యాభై అడుగుల ఎత్తు నుంచి నేల మీద పడతాడు. చాలాసార్లు స్పృహ ఉంటుంది. మాట్లాడతాడు. రక్తం పెద్దగా కనిపించదు. "కాళ్లు తెలియడం లేదు" అని మాత్రం అంటాడు. పక్క చేలో పనిచేస్తున్నవాళ్లు పరుగెత్తుకొస్తారు. ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద చేతులు వేసి పైకి లేపుతారు. కూర్చోబెట్టి నీళ్లు తాగిస్తారు. ఆటో వెనక సీట్లో అడ్డంగా పడుకోబెడితే మనిషి పట్టడు కాబట్టి నడుము దగ్గర మడిచి కూర్చోబెడతారు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పడినవాడిని లేపడం మనిషి స్వభావం. కానీ అతడు మళ్లీ ఎంతవరకు కోలుకుంటాడన్నది చాలావరకు ఆ పది నిమిషాల్లోనే తేలిపోవచ్చు. ఎందుకో తెలియాలంటే వీపు లోపల ఏముందో చూడాలి.

వెన్నెముక, వెన్నుపాము అనే మాటలను ఒకదానికి బదులు ఒకటి వాడేస్తుంటారు. అవి రెండూ వేర్వేరు. వెన్నెముక 33 పూసల దొంతర. మెడలో ఏడు, వీపులో పన్నెండు, నడుములో అయిదు, ఆ కింద ఒకదానితో ఒకటి అతుక్కుపోయినవి మిగతావి. ఈ పూసల మధ్య ఉన్న గొట్టంలాంటి దారిలో మెదడు నుంచి దిగివచ్చే మెత్తటి నరాల కట్ట వెన్నుపాము. పెద్దవాళ్లలో దాని పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు, మందం మన చిటికెన వేలంత. అది నడుము పూసల్లో మొదటిదో రెండోదో వచ్చేసరికి ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి గుర్రపు తోకలా విడివిడి నరాలు సాగుతాయి. కాలు కదపమనే ఆజ్ఞ మెదడు నుంచి కిందికి, ముల్లు గుచ్చుకుందన్న కబురు కాలి నుంచి పైకి ఈ దారినే వెళ్లాలి. వేరే అడ్డదారి లేదు.

విరిగిన ఎముక అతుక్కుంటుంది. చేతిలో తెగిన నరం కూడా నెమ్మదిగా, కొంతమేరకైనా తిరిగి పెరుగుతుంది. మెదడులోనూ వెన్నుపాములోనూ ఉన్న నరాల తీగలకు మాత్రం ఆ శక్తి దాదాపు లేదు. అక్కడి కణజాలమే తీగల పెరుగుదలను ఆపేసే పదార్థాలను విడుదల చేస్తుంది, గాయం చుట్టూ మచ్చ కట్టి దారి మూసేస్తుంది. అందుకే ఈ గాయం విషయంలో పోయినదాన్ని తెచ్చుకోవడం కంటే మిగిలినదాన్ని కాపాడుకోవడం ముఖ్యమవుతుంది. వైద్యమంతా ఈ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది. బాధిత కుటుంబాలకు మాత్రం ఈ మాట ఎవరూ మొదట్లోనే విడమరిచి చెప్పరు.

దెబ్బ తగిలిన క్షణంలో వెన్నుపాము పూర్తిగా తెగిపోవడం అరుదు. చాలామందిలో విరిగిన పూస ముక్కలు దాన్ని నొక్కుతాయి, నలగ్గొడతాయి. అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. నలిగిన చోట వాపు వస్తుంది. వెన్నుపాము ఉన్నది ఎముకల గొట్టంలో కాబట్టి వాపుకు చోటు లేక సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం అందక, చచ్చిన కణాల నుంచి వెలువడే రసాయనాల వల్ల చుట్టుపక్కల బతికి ఉన్న కణాలు కూడా చనిపోతాయి. గంటలు, రోజులు గడిచే కొద్దీ గాయం పెద్దదవుతూ పోతుంది. మొదటి దెబ్బను ఎవరూ ఆపలేరు. ఈ రెండో దెబ్బను తగ్గించవచ్చు. కదిలే ఎముక ముక్కలున్న వీపును మడిచి ఆటోలో కూర్చోబెట్టినప్పుడు మొదటి దెబ్బే మళ్లీ మళ్లీ తగులుతుంది.

కాబట్టి ఎత్తు నుంచి పడినవాళ్లు, వాహనం ఢీకొన్నవాళ్లు మెడ నొప్పి, వీపు నొప్పి, తిమ్మిరి, కాళ్లు చేతులు కదలకపోవడం అంటే వాళ్లను పడిన చోటే ఉంచి 108కు ఫోన్ చేయాలి. కూర్చోబెట్టకూడదు, నీళ్లు పట్టకూడదు. తలకు రెండు వైపులా తువ్వాళ్లు చుట్టి పెట్టి మెడ తిరగకుండా చూడాలి. ఊపిరి ఆడనప్పుడో, మంటలో నీళ్లో చుట్టుముట్టినప్పుడో తప్ప కదిలించకూడదు. కదిలించక తప్పకపోతే నలుగురైదుగురు కలిసి, తల నుంచి కాళ్ల దాకా ఒకే వరుసలో ఉండేలా, దుంగను దొర్లించినట్టు ఒక పక్కకు తిప్పి కింద చెక్క బల్లో తలుపు రెక్కో జరపాలి. తల దగ్గరున్న మనిషి చెప్పినప్పుడే అందరూ ఒక్కసారిగా కదలాలి. గీత కార్మికుల సంఘాల్లోనూ, భవన నిర్మాణ కూలీల అడ్డాల మీదా ఈ పద్ధతిని చేసి చూపించడానికి అరగంట చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వెన్నుపాము గాయంతో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో కోటిన్నర మందికి పైగా ఉన్నారు. ఎత్తు నుంచి పడటం, రోడ్డు ప్రమాదాలు ప్రధాన కారణాలు. తెలుగు నేల మీద పడటం అంటే చాలా రకాలు. తెలంగాణలో తాటిచెట్టు, ఈతచెట్టు. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు. పిట్టగోడ లేని డాబా మీద వేసవి రాత్రి నిద్రపోయి, మగతలో లేచి అంచు దాటినవాళ్లు. పరంజా మీద నుంచి జారిన తాపీ పనివాళ్లు. ఎండాకాలం సెలవుల్లో లోతు తెలియని బావిలోకో కాలువలోకో తలకిందులుగా దూకి మెడ విరగ్గొట్టుకున్న కుర్రవాళ్లు. వీళ్లలో ఎక్కువమంది ఇంటికి సంపాదించి పెట్టే వయసువాళ్లు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా సామగ్రి పంపిణీ మొదలుపెట్టింది. పట్టు తప్పినా మనిషిని చెట్టుకే నిలిపి ఉంచడం దాని ఉద్దేశం. ఈ గాయం విషయంలో పడకుండా ఆపే తాడుకు సాటి వచ్చే మందు ఇంతవరకు లేదు.

దెబ్బ తగలకుండానే వెన్నుపాము నలిగే సందర్భాలూ ఉన్నాయి. కణుతులు ఒక కారణం. మన దేశంలో అంతకంటే గుర్తుంచుకోవలసింది వెన్నెముకకు వచ్చే క్షయ. నెలల తరబడి తగ్గని వీపు నొప్పి, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, ఆ తర్వాత నడుస్తుంటే కాళ్లు తడబడటం దాని క్రమం. క్షయ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. తొందరగా పట్టుకుంటే పడిపోయిన కాళ్లు కూడా చాలామందిలో తిరిగి లేస్తాయి. వెన్నుపాము జబ్బుల్లో ఇంత ఆశ ఉన్నవి కొన్నే. నడుము నొప్పి కదా అని మాలిష్‌లతో, నొప్పి బిళ్లలతో గడిపేసిన నెలలే దాన్ని పాడుచేస్తాయి.

కాళ్లు పడిపోతే ఊళ్లో వినిపించే మొదటి మాట పక్షవాతం. దాంతో పసరు మందుల దారి మొదలవుతుంది. పక్షవాతం మెదడులో రక్తనాళం మూసుకుపోవడం వల్లో చిట్లడం వల్లో వస్తుంది, సాధారణంగా శరీరాన్ని నిలువుగా సగం చేస్తుంది. ఒక చెయ్యి, అదే వైపు కాలు, మూతి ఒక పక్కకు పోవడం. వెన్నుపాము గాయం శరీరాన్ని అడ్డంగా కోస్తుంది. దెబ్బ తగిలిన మట్టానికి పైన అంతా మామూలుగా ఉంటుంది, కింద రెండు వైపులా పోతుంది. వీపు దగ్గర తగిలితే కాళ్లు పోతాయి, చేతులు బాగుంటాయి. మెడలో తగిలితే చేతులూ పోతాయి. మెడ పూసల్లో నాలుగోదానికి పైన పూర్తిగా దెబ్బతింటే ఊపిరి తీయించే కండరానికే కబురు అందదు, యంత్రం లేకుండా బతకడం కష్టం. గాయం ఒక్క పూస పైనో కిందో అయితే జీవితమే మారిపోతుంది.

ఆసుపత్రిలో జరిగే ఆపరేషన్ గురించి కూడా ఒక అపోహ ఉంది. పూసలకు స్క్రూలు, కడ్డీలు వేసి నిలబెడతారు, వెన్నుపామును నొక్కుతున్న ముక్కలను తీసేస్తారు. 24 గంటలలోపు ఈ ఒత్తిడి తీసేస్తే మేలు ఎక్కువన్నది ఇప్పుడు ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం. కానీ ఆ ఆపరేషన్ వెన్నుపామును కుట్టదు. "ఆపరేషన్ బాగా జరిగింది" అని డాక్టరు అంటే ఎముక నిలబడిందని అర్థం. కాళ్లు లేస్తాయని కుటుంబం అర్థం చేసుకుంటుంది. ఆ రెండు అర్థాల మధ్య దూరాన్ని డాక్టరే కూర్చుని విడమరిచి చెప్పాలి. అది చెప్పకపోతే ఆ కుటుంబం ఏళ్ల తరబడి ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరుగుతుంది, పొలం అమ్ముతుంది.

కోలుకునే అవకాశం ఎంతన్నది గాయం పూర్తిదా, పాక్షికమా అన్నదాని మీద ఆధారపడుతుంది. దాన్ని తేల్చే పరీక్ష చాలామందికి వింతగా అనిపిస్తుంది. మలద్వారం దగ్గర స్పర్శ తెలుస్తోందా, అక్కడి కండరాన్ని బిగించగలుగుతున్నాడా అని డాక్టరు చూస్తారు. వెన్నుపాములో అన్నిటికంటే కింది నుంచి బయల్దేరే నరాలు అక్కడివి. అక్కడి కబురు పైకి చేరిందంటే దారిలో కొన్ని తీగలైనా బతికున్నాయని అర్థం. ఆ చిన్న స్పర్శ చాలా పెద్ద శుభవార్త. అయితే దెబ్బ తగిలిన తొలి రోజుల్లో వెన్నుపాము మొత్తం మొద్దుబారి ఉంటుంది కాబట్టి అప్పుడే తుది తీర్పు చెప్పడం తొందరపాటు. కోలుకోవడంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో, ఏడాదిలో జరుగుతుంది.

ఆ మొద్దు వదిలాక ఇంకో సంగతి జరుగుతుంది. కదలని కాలు ఒక్కసారిగా ఎగురుతుంది, వణుకుతుంది. ఇంట్లోవాళ్లు దేవుడికి కొబ్బరికాయ కొడతారు. అది మెదడు పంపిన కదలిక కాదు. పైనుంచి అదుపు లేక, గాయానికి కింద మిగిలిన వెన్నుపాము తనంతట తాను స్పందించడం. బిగుసుకుపోవడం ఎక్కువైతే మందులు వాడాల్సి ఉంటుంది కూడా. ఆ ఆనందాన్ని చూస్తూ నిజం చెప్పడం ఏ ఫిజియోథెరపిస్టుకైనా కష్టమైన పనే.

ఇక నడక. చూసేవాళ్లకు కనిపించేది నడక ఒక్కటే. గాయపడినవాళ్లను అడిగితే ముందు చెప్పేది మూత్రం, మల విసర్జన. మూత్రాశయం నిండిందని తెలియదు, ఖాళీ చేయడం చేతిలో ఉండదు. చర్మానికి నొప్పి తెలియదు కాబట్టి ఒకే భంగిమలో గంటల తరబడి ఉన్నా శరీరం హెచ్చరించదు. మనం కుర్చీలో కూర్చుని తెలియకుండానే అటూ ఇటూ జరుగుతుంటాం. ఆ చిన్న జరుగుబాటే చర్మాన్ని బతికిస్తోంది. అది లేనివాళ్లకు పిరుదుల మీద, నడుము కింద, మడమల మీద ఒత్తిడి వల్ల రక్తం అందక పుండ్లు పడతాయి. పైకి రూపాయి బిళ్లంత కనిపించే పుండు లోపల ఎముక దాకా వెళ్లి ఉండవచ్చు.

1944 వరకు ఈ గాయం దాదాపు మరణశిక్షే. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో అత్యధికులు కొద్ది నెలల్లో, కొద్ది ఏళ్లలో పోయారు. వాళ్లను చంపినవి పుండ్లు, మూత్రపిండాల ఇన్‌ఫెక్షన్. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ప్రత్యేక విభాగం బాధ్యత తీసుకున్న లుడ్విగ్ గట్‌మన్ నాజీల జర్మనీ నుంచి తప్పించుకుని వచ్చిన యూదు నరాల వైద్యుడు. ఆయన దగ్గర కొత్త మందు ఏదీ లేదు. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పాలన్న నియమం ఉంది. మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయాలన్న పట్టుదల ఉంది. అర్ధరాత్రి తానే వార్డుకు వచ్చి సరిగా తిప్పుతున్నారో లేదో చూసేవాడని చెబుతారు. చావుకోసం ఎదురుచూస్తూ పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. 1948 జులై 29న, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, చక్రాల కుర్చీల్లో ఉన్న 16 మంది మాజీ సైనికులతో ఆయన విలువిద్య పోటీ పెట్టించాడు. నేటి పారాలింపిక్స్‌కు అదే మొదలు.

ఎనభై ఏళ్లు గడిచినా ఆ రెండు సూత్రాలను మించినవి రాలేదు. మంచం మీద ఉంటే రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో ఉంటే పావుగంటకో అరగంటకో చేతుల మీద బరువు వేసి పిరుదులు లేపాలి, లేదా ముందుకూ పక్కలకూ వంగాలి. రోజూ పొద్దున, రాత్రి చేతి అద్దం పట్టుకుని కనిపించని చోట్లు చూసుకోవాలి. ఎర్రబడిన మచ్చ అరగంటలో తగ్గకపోతే అక్కడ బరువు పడనివ్వకూడదు. దానంగా వచ్చే చక్రాల కుర్చీల్లో చాలావాటికి మెత్త ఉండదు. వట్టి రెక్సిన్ గుడ్డ మీద రోజంతా కూర్చుంటే ఆ దానమే పుండు అవుతుంది. కుర్చీ ఇచ్చే సంస్థలు మెత్త లేకుండా ఇవ్వకూడదు.

మూత్రం విషయంలో 1972లో అమెరికా డాక్టరు జాక్ లాపిడెస్ ఒక సులువైన మార్గం చూపాడు. గొట్టాన్ని శాశ్వతంగా లోపల ఉంచే బదులు, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి సన్నటి గొట్టం పెట్టి ఖాళీ చేసి తీసేయడం. చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, ఆపరేషన్ గదిలోలాంటి శుభ్రత అక్కర్లేదు. చేతులు బాగున్నవాళ్లు కొద్ది రోజుల్లో సొంతంగా నేర్చుకుంటారు. మూత్రపిండాలు నిలుస్తాయి, సంచి తగిలించుకుని తిరగాల్సిన పని ఉండదు. అయినా చాలామందిని లోపలి గొట్టంతోనే ఇంటికి పంపేస్తున్నారు, ఎందుకంటే నేర్పడానికి ఎవరికీ తీరిక లేదు.

వీపు పైభాగంలోనో మెడలోనో గాయమైనవాళ్ల ఇంట్లో తెలిసి ఉండాల్సిన ప్రమాదం ఒకటి ఉంది. వీపు పూసల్లో ఆరోదానికి, లేదా దానికి పైన గాయమైతే, కింద ఏదైనా చిన్న ఇబ్బంది కలిగినప్పుడు రక్తపోటు హఠాత్తుగా ఎగబాకుతుంది. తల పగిలిపోతున్నంత నొప్పి, ముఖం ఎర్రబడటం, నుదుటి మీద చెమటలు. సాధారణ కారణం మంచం పట్టీ కింద మూత్రం గొట్టం మడత పడటం. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేసి, బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం మడత తీయాలి. రక్తపోటు నిమిషాల్లో దిగుతుంది. తగ్గకపోతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇది తెలియక పడుకోబెట్టి తలనొప్పి బిళ్ల ఇస్తే మెదడులో రక్తనాళం చిట్లే ప్రమాదం ఉంది.

పునరావాస వైద్యంలోని నైపుణ్యం చూడాలంటే మెడలో ఆరో నరం మట్టం వరకు కదలిక మిగిలిన మనిషి చెయ్యి చూడాలి. అతడు మణికట్టు పైకి ఎత్తగలడు, వేళ్లు మాత్రం కదలవు. కానీ మణికట్టు ఎత్తగానే వేళ్లను లాగే స్నాయువులు బిగుసుకుని వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. మణికట్టు దించితే తెరుచుకుంటాయి. అలా గ్లాసు పట్టుకుంటాడు, చెంచాతో తింటాడు. ఈ పట్టు నిలవాలంటే వేళ్ల స్నాయువులు కాస్త బిగువుగానే ఉండాలి. మణికట్టును వెనక్కి వంచి వేళ్లను కూడా పూర్తిగా సాగదీస్తే అది శాశ్వతంగా పోతుంది. ఇంట్లోవాళ్లు ప్రేమతో రోజూ నూనె రాసి ఒక్కో వేలూ సాగదీస్తారు. తెలియని చేతి సేవ అతడికి మిగిలిన ఒక్క పట్టునూ తీసేస్తుంది.

రాయలసీమవాసులకు దగ్గరగా ఉన్న వేలూరులో ఈ వైద్యానికి గొప్ప చరిత్ర ఉంది. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో యువ డాక్టరు మేరీ వర్గీస్ 1954లో వాహన ప్రమాదంలో గాయపడి నడుము కింద కదలిక కోల్పోయింది. తర్వాత తాను చక్రాల కుర్చీలో కూర్చుని, కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. విదేశాల్లో పునరావాస వైద్యం చదివి వచ్చి, 1966లో వేలూరులో ఆసుపత్రిలో ఉంచి శిక్షణ ఇచ్చే పునరావాస కేంద్రాన్ని నెలకొల్పింది. మంచం నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి మరుగుదొడ్డికి మారడం, వంట చేసుకోవడం, బతుకుతెరువు చూసుకోవడం కూడా చికిత్సేనని నమ్మిన చోటు అది. ఇలాంటి కేంద్రాలు ప్రతి జిల్లాకూ ఒకటి కావాలి. ఆపరేషన్‌కు డబ్బు దొరుకుతుంది, ఆ తర్వాతి మూడు నెలల శిక్షణ దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు.

ఆ ఖాళీలోకి, ఇతర కణాలుగా మారగల మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కించి నయం చేస్తామనే ప్రకటనలు వస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం వెన్నుపాము గాయానికి మూలకణాలు ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. అనుమతి పొందిన ప్రయోగాల్లో తప్ప ఇవ్వకూడదు, ప్రయోగానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నారంటే అదే తిరిగి వచ్చేయడానికి చాలినంత కారణం. నిజమైన పరిశోధన ముందుకు సాగుతూనే ఉంది. స్విట్జర్లాండులోని లొసాన్‌లో గ్రెగ్వార్ కోర్టీన్, జోస్లిన్ బ్లాక్ బృందం వెన్నుపాముకు ఒక పరికరంతో విద్యుత్ ప్రేరణ ఇచ్చి కొందరిని ఆసరాతో నడిపించింది. 2023లో మెదడు సంకేతాలను నేరుగా ఆ పరికరానికి కలిపి చూపించింది. మెడలో పాక్షిక గాయమున్నవాళ్ల చేతుల పనితీరు కోసం చర్మం మీద నుంచే ప్రేరణ ఇచ్చే పరికరానికి 2024 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అవి మన జిల్లా ఆసుపత్రికి ఎప్పుడు చేరినా, వాటిని వాడుకోగలిగేది అప్పటికి పుండ్లు లేని చర్మం, బిగుసుకుపోని కీళ్లు, చెడిపోని మూత్రపిండాలు మిగుల్చుకున్నవాళ్లే.

మన ఇళ్లలో నోరు విప్పి అడగని ప్రశ్న దాంపత్యం గురించి. గాయపడిన స్త్రీకి కొన్ని నెలల తర్వాత నెలసరి తిరిగి వస్తుంది, గర్భం ధరించగలదు. పురుషుల్లో ఇబ్బందులుంటాయి, వాటికీ వైద్య సహాయం ఉంది. డాక్టరే ముందుగా ఈ మాట ఎత్తడం మంచిది. ఎందుకంటే అత్తగారు పక్కన నిలబడి ఉండగా పాతికేళ్ల భార్యాభర్తలు ఎన్నటికీ అడగలేరు.

పింఛను ఉంది. తెలంగాణలో దివ్యాంగులకు నెలకు 4,016 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 6,000, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లకు 15,000. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కానీ ఆ కాగితాల మీద సంతకం పెట్టించుకోవడానికైనా ముందు ఇంట్లోంచి బయటికి రావాలి. చక్రాల కుర్చీ సొంత బలంతో ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలు కట్టాలి. రెండడుగుల అరుగున్న ఇంటికి 24 అడుగులు. వీధి మీదికే గుమ్మం ఉన్న ఇళ్లలో అంత జాగా ఉండదు. అప్పుడు వాలును ఇంటి పక్క గోడ వెంబడి మలుపు తిప్పి కట్టాలి, మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును వదలాలి. గడపను తీయడానికి ఇంట్లోవాళ్లకు మనసు రాకపోతే దానికి రెండు వైపులా చెక్క దిమ్మెలు వాలుగా అమర్చవచ్చు. ఊరి వడ్రంగి ఒక పూటలో చేసి పెడతాడు.